పేటెంటు హక్కులు – పర్యావరణం: పత్తి విత్తనం మొదలు ఫ్రిజ్ దాకా

పేటెంటు అంటే ఏమిటని అడిగితే "కొత్తది కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే హక్కు" అని ఈ రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెబుతున్నారు. జవాబు సరైనదే గాని సగమే. పేటెంటు ఒక ఒప్పందం. కనిపెట్టిన వ్యక్తి తన పద్ధతిని రహస్యంగా దాచుకోకుండా, ఆ విద్య తెలిసిన మరొకరు చదివి చేయగలిగేంత వివరంగా రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. దానికి బదులుగా 20 ఏళ్లపాటు, తన అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు ఆ వ్యక్తికి దక్కుతుంది. గడువు తీరాక అది అందరి సొత్తు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికాలో పేటెంటు ఉండి ఇక్కడ తీసుకోకపోతే, ఇక్కడ దాన్ని ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

మామూలు వస్తువుల విషయంలో ఈ ఒప్పందం బాగానే నడుస్తుంది. కొత్తరకం తాళం ఖరీదు ఎక్కువైతే పాత తాళమే వేసుకుంటాం, నష్టం లేదు. పర్యావరణానికి పనికొచ్చే వస్తువుల దగ్గరే చిక్కు. మన ఫ్యాక్టరీ పొగగొట్టానికి మనం జల్లెడ బిగిస్తే మేలు ఊరందరికీ, ఖర్చు మనకు. పక్క ఫ్యాక్టరీవారు ధర చూసి వెనక్కి తగ్గితే మన ఊరి గాలి చెడేపోతుంది. కాబట్టి పర్యావరణ వస్తువును ఎవరో ఒకరు కనిపెడితే చాలదు, వేలమంది వాడాలి. కనిపెట్టాలంటే ప్రతిఫలం కావాలి, వేలమంది వాడాలంటే ధర తక్కువుండాలి. ఈ రెండింటి మధ్య పేటెంటు చట్టం ఇరుక్కుని ఉంటుంది. ఆ ఇరుకు ఎలా ఉంటుందో మన తెలుగు నేల మీద అందరికంటే బాగా తెలిసినవారు పత్తి రైతులు. మన సావనీరు అందుకునే ఇళ్లలో పత్తి వేసేవారు, విత్తనాల దుకాణం నడిపేవారు కూడా ఉన్నారు కనుక ఆ కథను కొంచెం వివరంగానే చెబుతాం.

1990లలో పత్తి చేనంటే పురుగుమందు వాసనే. శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగకుండా తయారైంది. రైతు వారానికోసారి కొట్టాడు, తరువాత రెండు మూడు మందులు కలిపి కొట్టాడు. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పురుగు దాడికి పంట పోయి, అప్పుల భారం మోయలేక ఎంతోమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొట్టిన మందు పురుగును చంపలేదు గాని చేలోని నీటిలోకి, కాలువల్లోకి, స్ప్రేయర్ మోసిన కూలీ ఊపిరిలోకి చేరింది.

అలాంటి సమయంలో బీటీ పత్తి వచ్చింది. నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఒక రకం ప్రోటీన్ తయారు చేస్తుంది. అది కాయతొలుచు పురుగు కడుపులోకి వెళితే పేగు గోడ దెబ్బతిని పురుగు చస్తుంది. ఆ ప్రోటీన్ తయారు చేసే జన్యువును పత్తి మొక్కలోనే పెట్టింది మోన్శాంటో కంపెనీ. మన దేశంలో మహికో-మోన్శాంటో సంస్థకు 2002 మార్చిలో అనుమతి వచ్చింది. తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగు కోసం కొట్టే మందులు బాగా తగ్గాయి. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. ఏళ్లతరబడి ప్రయోగశాలలో ఖర్చు పెట్టినవారు ప్రతిఫలం ఆశించడంలోనూ తప్పులేదు.

ప్రతిఫలం ఎంత, ఎలా అన్నదగ్గరే పేచీ వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో సుమారు 1,250 రూపాయలు ఒక్క జన్యువుకు కట్టే రాయల్టీయే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాలను అదుపు చేసే కమిషన్ ముందుకు ఈ వ్యవహారాన్ని తీసుకెళ్లింది. 2006లో ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. ఆ మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధరలు నిర్ణయించేందుకు రాష్ట్రం చట్టమే తెచ్చింది.

విచిత్రమేమిటంటే, ఆ మొదటి రకం బోల్‌గార్డ్ జన్యువుకు భారతదేశంలో పేటెంటే లేదు! మరి రాయల్టీ ఎలా వసూలైంది? విత్తన కంపెనీలతో రాయించుకున్న ఒప్పందాల ద్వారా. అనుమతి పొందిన జన్యువు ఒక్కరి దగ్గరే ఉంది, కావలసినవారు వారి షరతులకు ఒప్పుకోవాలి. దీనికి తోడు మన దేశంలో బీటీ జన్యువు దాదాపు అంతా హైబ్రిడ్ విత్తనాల్లోనే వచ్చింది. హైబ్రిడ్ గింజను దాచి మరుసటి ఏడాది వేస్తే పంట ఒక తీరున రాదు, కాబట్టి రైతు ఏటా దుకాణానికి వెళ్లాల్సిందే. కాగితం మీది పేటెంటుకు 20 ఏళ్ల గడువైనా ఉంటుంది, హైబ్రిడ్ అనే తాళానికి గడువే లేదు. మేధో సంపత్తి గురించి మాట్లాడేవారు చట్టాలనే చూస్తారు గాని, విత్తనం లోపలే ఉన్న ఈ తాళాన్ని అంతగా పట్టించుకోరని మా అభిప్రాయం.

తరువాత రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. దానికి ఇక్కడ పేటెంటు కూడా దక్కింది. రాయల్టీ విషయమై మోన్శాంటోకూ మన హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కూ కోర్టులో పెద్ద తగాదా నడిచింది. మన పేటెంటు చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వకూడదు. జన్యువు విత్తనంలో భాగమై పోయాక దాన్ని విడిగా సొంతం చేసుకోవచ్చా అన్నది ప్రశ్న. 2018లో ఢిల్లీ హైకోర్టు పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరగాలంది. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి, అసలు ప్రశ్నకు జవాబు రాకుండానే మిగిలిపోయింది. ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి దేశమంతటా ధర నిర్ణయిస్తూ, రాయల్టీని ప్యాకెట్‌కు 49 రూపాయలకు, తరువాత ఇంకా కిందికి తగ్గించి, 2020లో పూర్తిగా తీసేసింది.

ఇంతవరకు డబ్బు సంగతి. పర్యావరణం కథ వేరే చోట నడిచింది.

బీటీ ప్రోటీన్‌ను తట్టుకునే పురుగులు మొదట లక్షల్లో ఒకటో రెండో ఉంటాయి. చేనంతా బీటీయే వేస్తే తట్టుకోలేనివన్నీ చచ్చి, తట్టుకున్నవి మాత్రమే మిగిలి, వాటితో అవే జతకట్టి, వాటి సంతానమే పెరుగుతుంది. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయం సులువైనది. చేను చుట్టూ అయిదు వరుసలు, లేదా విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత మేరకు బీటీ కాని పత్తి వేయాలి. అక్కడ బతికిన మామూలు పురుగులు, తట్టుకున్న పురుగులతో జతకడతాయి, మందుకు లొంగే గుణం వాటి సంతానంలో నిలుస్తుంది. అందుకే ప్రతి బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. ఆ చిన్న ప్యాకెట్ ఏమైందో మన రైతు సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. చాలామంది దాన్ని విత్తలేదు. అయిదు వరుసలు పురుగుకు వదిలేయమంటే, కౌలు కట్టి చేసే చిన్న రైతుకు ఎలా మనసొప్పుతుంది? నష్టం తనది, మేలు మండలమంతటిదీ.

2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-1ను తట్టుకుంటోందని కంపెనీయే ఒప్పుకుంది. కొన్నేళ్లకే బోల్‌గార్డ్-2 చేలల్లోనూ అదే పురుగు కనబడింది. మన హైబ్రిడ్లు ఎక్కువ నెలలు చేలో నిలబడేవి కావడంతో పురుగుకు మరో రెండు తరాలు పెరిగే వీలు దొరికింది. అటు తెల్లదోమ, పచ్చదోమ వంటి రసం పీల్చే పురుగులను బీటీ ఏమీ చేయదు. వాటికోసం మళ్లీ మందులు కొట్టడం మొదలైంది. తగ్గిన పురుగుమందు కొన్నేళ్లకు తిరిగి పెరిగింది.

ఇక్కడ మేము ఒక్క మాట నొక్కి చెప్పదలిచాం. రాయల్టీ ప్యాకెట్ లెక్కన వచ్చేది. ఎన్ని ప్యాకెట్లు అమ్మితే అంత ఆదాయం. ఆ జన్యువు పదేళ్లు పనిచేయాలా, ఇరవై ఏళ్లు పనిచేయాలా అన్నదానికి ఆ లెక్కలో చోటు లేదు. అయిదు వరుసలు వదిలిన రైతుకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. రాయల్టీ తగ్గించమని అడిగిన ప్రభుత్వం కూడా ఆ చిన్న ప్యాకెట్ గురించి అంత గట్టిగా అడగలేదు. పదిహేనేళ్లు అందరూ ధర చుట్టూనే వాదించుకున్నారు, పురుగు తన పని తాను చేసుకుపోయింది.

ధర తగ్గించడమే మంచిదని అనుకుంటే దానికీ ఒక ఖరీదు ఉంది. ప్రభుత్వం రాయల్టీ తగ్గించి, సాంకేతికతను స్థానిక కంపెనీలకు పంచి తీరాలన్న ప్రతిపాదన చేశాక, 2016లో మహికో తన తరువాతి రకానికి పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకుంది. అది కలుపు మందును తట్టుకునే రకం. అధికారికంగా ఆగిపోయినా గింజ ఆగలేదు. 2017 నాటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్రల్లో అనుమతి లేని ఆ రకం చేలల్లో దొరికింది. బిల్లు లేదు, పేరు లేదు, మొలవకపోతే అడిగే దిక్కు లేదు. దానితో పాటే గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకం వచ్చిపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని బహుశా క్యాన్సర్ కారకం అని వర్గీకరించింది, కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఆ మాటతో ఏకీభవించలేదు. ఏదైనా, 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ దాని అమ్మకాలపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. హక్కు మరీ బిగిస్తే రైతు చితికాడు, మరీ వదిలేస్తే దొంగ విత్తనం వచ్చింది.

ఇంతకు భిన్నమైన కథ మన వంటింట్లోనే ఉంది. వీలైతే ఫ్రిజ్ వెనక స్టిక్కర్ చూడండి. ఈమధ్య కొన్నదైతే "ఆర్-600ఎ" అని ఉండవచ్చు. వెనకటి ఫ్రిజ్‌లలో సీఎఫ్‌సీ వాయువులు ఉండేవి. అవి పైకి వెళ్లి, సూర్యుడి హానికర కిరణాలను ఆపే ఓజోన్ పొరను తినేస్తున్నాయని తెలిసి, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందానికి వచ్చాయి. మన దేశం 1992లో చేరింది. చేరినంత మాత్రాన సరిపోతుందా? సీఎఫ్‌సీ మానేస్తే బదులు ఏం వాడాలి? హెచ్ఎఫ్‌సీ-134ఎ అనే కొత్త వాయువు తయారీ పద్ధతి కొద్ది కంపెనీల చేతిలో ఉంది. దాన్ని అడిగిన ఒక భారతీయ కంపెనీకి సుమారు రెండున్నర కోట్ల డాలర్ల ధర చెప్పారు. లేదంటే మాకు ఎక్కువ వాటా ఇవ్వండి, లేదా ఎగుమతి చేయమని రాసివ్వండి అన్నారు. ప్రపంచమంతా మానేయాలని ఒప్పందం, మానేయడానికి కావలసిన వస్తువు కొందరి చేతిలో! చివరికి మన దేశపు ఎస్ఆర్ఎఫ్ కంపెనీ సొంతంగా పరిశోధన చేసి ఆ వాయువును తయారు చేయడం నేర్చుకుంది. తలుపు మూస్తే కిటికీ వెతుక్కునే శక్తి మనవాళ్లకు ఉందని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అదే సమయంలో జర్మనీలో ఇంకొకటి జరిగింది. ఇద్దరు వైద్యులు ప్రొపేన్, బ్యూటేన్ వంటి మామూలు వాయువులతో ఫ్రిజ్ నడుస్తుందని చూపించారు. గ్రీన్‌పీస్ సంస్థ 1992లో వారినీ, మూతపడబోతున్న తూర్పు జర్మనీ ఫ్రిజ్ ఫ్యాక్టరీనీ కలిపింది. పెద్ద కంపెనీలు మొదట ఇది మంటలు అంటుకునే ప్రమాదమని ప్రచారం చేశాయి. ఒకటి రెండేళ్లలో అవే ఆ పద్ధతికి మారాయి. గ్రీన్‌పీస్ దీనికి కావాలనే పేటెంటు తీసుకోలేదు, ఎవరు అడిగినా వివరాలు ఇచ్చింది. జర్మనీ నుంచి చైనాకు, మన దేశానికి పాకి, ఇప్పుడు ప్రపంచంలో కోట్లాది ఫ్రిజ్‌లు అలాగే నడుస్తున్నాయి. రెండున్నర కోట్ల డాలర్లు అడిగిన హెచ్ఎఫ్‌సీ-134ఎ ఓజోన్‌ను తినదు గాని, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనదని తేలింది. 2016లో రువాండాలోని కిగాలీలో దాన్ని కూడా తగ్గించాలని దేశాలు మళ్లీ కూర్చుని ఒప్పుకున్నాయి. బ్యూటేన్ ఎవరి సొత్తూ కాదు గనుక దాన్ని అమ్మి ఎవరూ లాభపడలేరు. అందువల్లే పెద్ద కంపెనీలు మొదట దానివైపు చూడలేదని మేము అనుకుంటున్నాం. పేటెంటుకు లొంగని మంచి ఉపాయాలు కొన్ని ఇలాగే మూలన పడి ఉంటాయి.

అలా అందరిదీ అయిన ఉపాయాన్ని కొందరు సొంతం చేసుకోబోయిన సందర్భాలూ ఉన్నాయి. వేపనూనెతో పంట మీది బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతికి 1994లో అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్.గ్రేస్ కంపెనీకీ యూరప్ పేటెంటు కార్యాలయం పేటెంటు ఇచ్చింది. వేపగింజలు దంచి కషాయం కొట్టడం, వేపపిండి చేలో వేయడం మన తాతల నాటి పని. వందనా శివ వంటివారు సవాలు చేయగా 2000లో దాన్ని రద్దు చేశారు, అప్పీలు 2005లో వీగిపోయింది. పసుపుతో గాయం మాన్పే పేటెంటును మన సీఎస్ఐఆర్ సంస్థ 1997లో అమెరికాలో రద్దు చేయించింది. ఈ తగాదాలు చూశాక ప్రభుత్వం 2001లో సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా పోగుచేయడం మొదలుపెట్టింది. అందులో ఆయుర్వేదం, సిద్ధతో పాటు అరబీ, ఫార్సీ, ఉర్దూ గ్రంథాల్లోని యునానీ మందులను కూడా ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి, విదేశీ పేటెంటు పరిశీలకులు వెతికి చూసుకునేలా పెట్టారు. చార్మినార్ పక్కన యునానీ దవాఖానాలో హకీము గారు రాసే చీటీ వెనక ఉన్న విద్య ఇలా చట్టం ముందు సాక్ష్యంగా నిలబడుతోంది.

మన చట్టంలో పర్యావరణానికి చోటు లేదనుకోవడం పొరపాటు. సెక్షన్ 3(బి) ప్రకారం మనుషులకు, జంతువులకు, మొక్కలకు, పర్యావరణానికి తీవ్ర హాని చేసే ఆవిష్కరణకు పేటెంటు ఇవ్వరు. సెక్షన్ 84 ప్రకారం పేటెంటు ఇచ్చి మూడేళ్లయినా అది జనానికి అందుబాటు ధరలో దొరకకపోతే, వేరేవారు తయారు చేయడానికి తప్పనిసరి లైసెన్సు ఇవ్వవచ్చు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీకి ఒక క్యాన్సర్ మందు కోసం అలాంటి లైసెన్సు ఇచ్చారు. నెలకు 2 లక్షల 80 వేల రూపాయలయ్యే మందు 8,800కు దిగింది. మన దేశంలో ఇప్పటిదాకా ఇచ్చినది అదొక్కటే. గాలినో, నీటినో బాగుచేసే యంత్రానికి ఆ సెక్షన్‌ను ఇంకా ఎవరూ వాడలేదు.

ఇంజినీరింగు, సైన్సు చదివే మన పిల్లలకు రెండు సంగతులు చెప్పి ముగిస్తాం. పేటెంటు పత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. మన పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో పేరుతో, విషయంతో వెతకవచ్చు. నీటి వడపోతకు, సౌర పొయ్యిలకు గడువు తీరిన పత్రాలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఎవరైనా తయారు చేసుకోవచ్చు. ప్రాజెక్టు పని అనగానే ఎక్కడినుంచో నకలు తెచ్చేకంటే అక్కడ ఒక గంట గడపడం మేలు. ఇక సొంతంగా ఏదైనా కనిపెడితే ఎవరికీ చూపించకముందే, ఎగ్జిబిషన్‌లో పెట్టకముందే దరఖాస్తు చేయాలి. ముందే బయటపెడితే కొత్తదనం పోయిందని తిరస్కరించే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు, విద్యాసంస్థలకు 2021 నుంచి 80 శాతం రాయితీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలవారికీ కార్యాలయం చెన్నైలో. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ముందు తాత్కాలిక దరఖాస్తు వేసి, పూర్తి పత్రం 12 నెలల్లోగా ఇవ్వవచ్చు.

పత్తి రైతులకు కూడా ఒక కబురు. ఆ 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇక విడిగా రాదు. బీటీ కాని గింజలను ఇప్పుడు అదే ప్యాకెట్‌లో కలిపి అమ్ముతున్నారు. చేలో అక్కడక్కడ పురుగు పట్టిన మొక్క కనబడితే విత్తనం నకిలీదని దుకాణదారుతో వెంటనే తగవుకు దిగకండి. కావాలని కలిపిన గింజ కూడా కావచ్చు.